అస్లిహూ: తగవులో అడుగుపెట్టమన్న ఆజ్ఞ

దివ్యఖుర్‌ఆన్ 49వ సూరా అల్ హుజురాత్‌లోని 9, 10 ఆయతుల్లో అల్లాహ్ విశ్వాసులకు ఒకే ఆజ్ఞను మూడుసార్లు ఇచ్చాడు. మూడుసార్లూ వాడిన క్రియ ఒక్కటే: అస్లిహూ. విశ్వాసుల్లో రెండు వర్గాలు పోట్లాడుకుంటే మిగతావారు ఏం చేయాలో చెప్పే సందర్భం అది. తెలుగు అనువాదాల్లో ఈ మాటను సంధి చేయించండి, రాజీ కుదర్చండి, సయోధ్య కల్పించండి అని రాస్తుంటారు. ఇవేవీ తప్పు కాదు. కాని ఆ మాట వేరు దాకా వెళ్ళి చూస్తే, ఇతరుల తగవులో కలుగజేసుకోవడం అంటే మనం అనుకుంటున్నది ఒకటి, అల్లాహ్ మన చేత చేయించదలచింది మరొకటి అని బోధపడుతుంది.

ముందు మన నాలుకల మీద ఉన్న మాటలు చూద్దాం. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో 'దఖల్ దేనా' అంటారు. దఖల్ అంటే అరబీలో ప్రవేశం, లోపలికి పోవడం. కచేరీలో కాగితం 'దాఖలు' చేశామని తెలుగులో అనేది కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. తెలుగులోనైతే తలదూర్చడం, వేలు పెట్టడం, కలుగజేసుకోవడం అంటాం. ఈ మాటలన్నీ చెప్పేది మనిషి లోపలికి వచ్చాడనే. వచ్చినవాడు ఏం చేశాడు, అతను వెళ్ళాక ఆ ఇల్లు ఎలా ఉంది అన్న సంగతి వీటిలో లేదు. అందుకే ఈ మాటలకు చెడ్డపేరు అంటుకుంది. 'నువ్వెవరు తలదూర్చడానికి' అని కోపంతో అంటారే తప్ప, 'తలదూర్చావు, అల్లాహ్ నీకు మేలు చేయుగాక' అని ఎవరూ దుఆ చేయరు.

ఖుర్‌ఆన్ ఈ పనికి ప్రవేశాన్ని సూచించే క్రియను తీసుకోలేదు. బాగుచేయడం అనే అర్థమున్న క్రియను తీసుకుంది.

వేరు: స్వాద్, లామ్, హా

అరబీలో చాలావరకు మాటలు మూడక్షరాల ధాతువు నుంచి పుడతాయి. అస్లిహూ అనే ఆజ్ఞకు మూలక్రియ 'అస్లహ'. దాని ధాతువు స్వాద్, లామ్, హా. ఇదే ధాతువు నుంచి వచ్చిన 'సలుహ' అంటే బాగుండటం, చెడిపోకుండా ఉండటం, ఏ పని కోసం ఉన్నదో ఆ పనికి తగిన స్థితిలో ఉండటం. దీనికి వ్యతిరేకం 'ఫసద', అంటే చెడిపోవడం. ఫసాదు అనే మాట మన ఇళ్ళలో అందరికీ తెలుసు. మనం దాన్ని కొట్లాట, అల్లర్లు అనే అర్థంలోనే వాడతాం గాని, మూలంలో అది పదార్థం చెడిపోవడానికి కూడా వాడే మాట.

ఈ రెండు మాటలనూ పక్కపక్కన నిలబెట్టిన హదీసు ఒకటి చాలామందికి కంఠోపాఠం. శరీరంలో ఒక మాంసపు ముద్ద ఉందని, అది బాగుంటే శరీరమంతా బాగుంటుందని, అది చెడితే శరీరమంతా చెడుతుందని, అదే హృదయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చినట్లు హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). అక్కడ బాగుంటే అన్నచోట 'సలహత్', చెడితే అన్నచోట 'ఫసదత్' అనే మాటలున్నాయి.

ఇంకా నేలబారు ఉదాహరణ కావాలంటే పండ్ల హదీసు చూడండి. చెట్టు మీది పండ్ల 'సలాహ్' కనబడేదాకా వాటిని అమ్మరాదని, కొనరాదని దైవప్రవక్త (స) వారించినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తెలిపారు (బుఖారీ, ముస్లిం). పిందె తెగులు ప్రమాదం దాటి, ఇది పండుగా నిలబడుతుందన్న భరోసా కనిపించడమే ఇక్కడ సలాహ్. పూత మీదే మామిడితోట బేరం కుదుర్చుకోవడం చూసిన మన రైతు సోదరులకు ఈ మాట లోతు వేరే చెప్పనక్కర్లేదు. పూత నిండుగా ఉన్నంత మాత్రాన సలాహ్ వచ్చినట్టు కాదు.

'సలుహ' అంటే తనంతట తాను బాగుండటం. దానికి ముందు ఒక హమ్జా చేరి 'అస్లహ' అయితే, బాగుచేయడం. తెలుగులో మారు అనే క్రియ నుంచి మార్చు వచ్చినట్టే ఇదీ. సంతానం లేని హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) ప్రార్థనను అంగీకరించి, అల్లాహ్ ఆయన భార్యను సంతానానికి యోగ్యురాలిని చేశాడని సూరా అంబియా 90వ ఆయతులో ఉంది. అక్కడ వాడిన క్రియ ఇదే: 'అస్లహ్నా'. అంటే ఈ క్రియలో వైద్యం ఉంది, మరమ్మతు ఉంది. పోట్లాట ఆపించడం దానిలో ఒక భాగం మాత్రమే.

ఈ ధాతువు కుటుంబం పెద్దది. సత్కార్యాలను ఖుర్‌ఆన్ 'సాలిహాత్' అంటుంది. సమూద్ జాతి వద్దకు వచ్చిన ప్రవక్త పేరు సాలిహ్ (అలైహిస్సలాం). సంధికి 'సులహ్' అని పేరు. హిజ్రీ 6వ సంవత్సరంలో (క్రీ.శ. 628) మక్కా ఖురైషులతో జరిగిన ఒప్పందాన్ని సులహ్ హుదైబియా అంటాం. ఉర్దూ కవులు తమ గజల్‌ను ఉస్తాదు చేత దిద్దించుకుంటే దాన్ని 'ఇస్లాహ్' అంటారు. చివరికి, మన తెలుగువారందరూ, ముస్లిములైనా కాకపోయినా, రోజుకు పదిసార్లు వాడే 'సలహా' అనే మాట ఈ చెట్టు కొమ్మే. అరబీలోని సలాహ్ పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి సలహా అయింది. సలహా ఇచ్చే ముందు దాని పుట్టుక గుర్తొస్తే ఎన్ని సలహాలు గొంతులోనే ఆగిపోతాయో!

బాగుచేయవలసింది దేన్ని?

సూరా అన్‌ఫాల్ మొదటి ఆయతులో ఇదే ఆజ్ఞ మరో రూపంలో వస్తుంది. అక్కడ బాగుచేయమన్నది 'దాత బైనికుమ్'ను, అంటే మీ మధ్య ఉన్నదాన్ని. సందర్భం హిజ్రీ 2వ సంవత్సరంలో జరిగిన బద్ర్ యుద్ధం. విజయం దక్కింది, యుద్ధంలో దొరికిన సొమ్ము ఎవరికన్న మాట మీద సహాబాల మధ్యే అభిప్రాయభేదం తలెత్తింది. ఆ విషయంలో తమ నడవడి చెడినప్పుడు అల్లాహ్ ఆ సొమ్మును తమ చేతుల్లోంచి తీసి తన ప్రవక్తకు అప్పగించాడని హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) తరువాతి కాలంలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు (ముస్నద్ అహ్మద్). బద్ర్‌లో పాల్గొన్నవారి మధ్యే అలా జరిగిందంటే, తండ్రి పోయిన నలభయ్యో రోజున పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు గొంతు పెంచడం చూసి 'వీళ్ళూ ముస్లిములేనా' అని తీర్పు చెప్పేయడం సరికాదు.

'బైన్' అనే అరబీ మాటలో ఒక విశేషముంది. ఒకే మాటకు రెండు వ్యతిరేకార్థాలుండే పదాల కోవలో నిఘంటుకారులు దీన్ని చేర్చారు. బైన్ అంటే ఎడబాటు, బైన్ అంటే కలయిక కూడా. ఇద్దరి మధ్య ఉన్న చోటు వారిని కలపనూ వచ్చు, విడదీయనూ వచ్చు. ఇస్లాహ్ చేసేవాడి పని ఆ చోటులోనే. ఒకరిని దోషిగా నిలబెట్టి రెండోవారిని గెలిపించడం న్యాయస్థానం పని. ఇద్దరినీ ఇంటికి పంపి తలుపు వేసుకోమనడం పోలీసు పని. మధ్యలో చెడినదేదో కనిపెట్టి దాన్ని బాగుచేయడం ముస్లిహ్ పని.

ఈ పని విలువ ఎంతో హజ్రత్ అబూ దర్దా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతుంది. రోజా, నమాజు, దానాల కంటే శ్రేష్ఠమైన దర్జా ఏదో చెప్పనా అని దైవప్రవక్త (స) అడిగి, అది పరస్పర సంబంధాలను చక్కదిద్దడమని, ఆ సంబంధాలను చెడగొట్టడం 'హాలిఖా' అని చెప్పారు (అబూ దావూద్, తిర్మిజీ). హాలిఖా అంటే గొరిగివేసేది, క్షౌరపు కత్తి. అది గొరిగేది వెంట్రుకలను కాదు, ధర్మాన్ని అని మరో ఉల్లేఖనంలో ఉంది. ఇక్కడ నఫిల్ నమాజులు, నఫిల్ రోజాలు ఉద్దేశమని, ఫర్జ్ ఆరాధనలకు ఇది బదులు కాదని ఆలిములు వివరించారు.

'మనకెందుకు' అనే హదీసు

ఎదురింట్లో ఇద్దరు అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకపోయినా మనం పలకం. ఎవరైనా కదిలిస్తే ఒక హదీసు వినిపిస్తాం. తనకు సంబంధం లేని విషయాన్ని వదిలేయడం మనిషి ఇస్లాం అందంలో భాగమన్న హదీసు అది (తిర్మిజీ). హదీసు నిజమే, ప్రయోగమే తప్పు. ఏది మనకు సంబంధం లేనిది అన్నది తేల్చాలి కదా! హుజురాత్ 10వ ఆయతు ఆ సంగతే తేల్చింది. విశ్వాసులు అన్నదమ్ములని ముందు చెప్పి, వెంటనే మీ ఇద్దరు సోదరుల మధ్య బాగుచేయండి అని ఆజ్ఞ ఇచ్చింది. పోట్లాడుకునే ఆ ఇద్దరూ ఒకరికొకరు సోదరులని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. 'అఖవైకుమ్' అన్నది, అంటే మీ ఇద్దరు సోదరులు. సంబంధం లేదనడానికి చోటు ఎక్కడుంది?

వారింట్లో ఏ కూర వండుకున్నారు, కోడలు పుట్టింటి నుంచి ఏం తెచ్చింది అనేవి మాత్రం ముమ్మాటికీ మనకు సంబంధం లేనివి. విచిత్రమేమిటంటే వీటి దగ్గర మనకు ఆ హదీసు గుర్తురాదు.

దైవప్రవక్త (స) అడుగుపెట్టిన తగవులు

ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన సహీహ్‌లో సులహ్ కోసం ఒక ప్రత్యేక గ్రంథభాగాన్నే కేటాయించారు. అందులోని సంఘటనల్లో పెద్ద యుద్ధాలూ రాజ్యాలూ తక్కువ. గాడిద వాసన మీద వచ్చిన పోట్లాట, అప్పు మీద వచ్చిన కేకలు, వీధిలో రాళ్ళు రువ్వుకోవడం, ఇలాంటివే ఎక్కువ.

హజ్రత్ అనస్ (రజి) కథనం: దైవప్రవక్త (స) గాడిద మీద అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్ వద్దకు వెళ్ళారు. నీ గాడిద కంపు నన్ను బాధపెడుతోంది, దూరంగా ఉండు అన్నాడతను. ఒక అన్సారీ సహాబీకి కోపమొచ్చి, నీ కంటే ఈ గాడిద వాసనే మేలు అన్నారు. అటువైపు ఒకతను లేచాడు, ఇటువైపు మరొకరు. ఖర్జూరపు మట్టలతో, చేతులతో, చెప్పులతో కొట్టుకున్నారు. హుజురాత్ 9వ ఆయతు ఈ సందర్భంలో అవతరించిందని తమకు తెలిసినట్లు అనస్ (రజి) చెప్పారు.

అంత గొప్ప ఆయతుకు కారణం ఇంత చిన్న గొడవా అనిపించవచ్చు. మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి సాగిన పగలకు మొదలు ఏమిటో తవ్వి చూస్తే, దావత్‌లో పిలుపు సరిగా అందలేదనో, పెళ్ళిలో కుర్చీ వేయలేదనో తేలుతుంది.

మరోసారి ఖుబా ప్రజలు రాళ్ళు రువ్వుకునేంతగా పోట్లాడుకున్నారని కబురు వచ్చింది. పదండి, వారి మధ్య సంధి చేద్దామని ఆయన (స) సహచరులతో కలిసి బయలుదేరారు. అలాగే అమ్ర్ బిన్ ఔఫ్ తెగవారి మధ్య సంధి కోసం వెళ్ళినప్పుడు జరిగిన ఆలస్యాన్ని హజ్రత్ సహ్ల్ బిన్ సాద్ (రజి) వివరించారు. నమాజు వేళ అయిపోయింది, ఆయన (స) తిరిగిరాలేదు. హజ్రత్ బిలాల్ (రజి) వెళ్ళి హజ్రత్ అబూ బక్ర్ (రజి)ను ఇమామత్ చేయమని కోరారు. నమాజు మొదలయ్యాక దైవప్రవక్త (స) చేరుకున్నారు. మస్జిదె నబవీలో తన స్థానంలో మరొకరు నిలబడవలసి వచ్చినా, ఆ తెగవారి మధ్య పనిని మధ్యలో వదిలి రాలేదన్నది గమనించండి. ఆయన తగవు ఉన్నచోటికి తాను నడిచి వెళ్ళారు. మన పెద్దమనుషులు సాధారణంగా ఇద్దరినీ తమ గుమ్మం ముందుకు పిలిపించుకుంటారు.

కాబ్ బిన్ మాలిక్ (రజి), ఇబ్నె అబీ హద్రద్ (రజి)ల సంఘటన ఇంకా క్లుప్తం. మస్జిదులో అప్పు వసూలు విషయమై ఇద్దరి గొంతులూ పెరిగాయి. దైవప్రవక్త (స) తన గది తెర తొలగించి కాబ్‌ను పిలిచి, సగం వదులుకోమని చేతితో సైగ చేశారు. కాబ్ ఒప్పుకున్నారు. వెంటనే ఆయన (స) బాకీదారు వైపు తిరిగి, లేచి మిగతాది తీర్చమన్నారు. అంతే. అప్పిచ్చినవాడి నుంచి దయ, తీసుకున్నవాడి నుంచి చెల్లింపు, రెండూ ఒకే కూర్చున్నపాటున. అప్పిచ్చినవాడిని మాత్రమే తగ్గమని, రెండోవాడికి గడువు మీద గడువు ఇప్పించే రాజీలు మనం ఎన్ని చూడటం లేదు!

నీటి తగవు ఒకటుంది. కాలువల కింద సేద్యం చేసే మన జిల్లాల వారు దీన్ని శ్రద్ధగా చదవాలి. మదీనా దగ్గరి హర్రాలో వాన నీటి కాలువ మీద హజ్రత్ జుబైర్ (రజి)కూ ఒక అన్సారీకీ వివాదం వచ్చింది. జుబైర్ పొలం ఎగువన ఉంది. కాస్త తడుపుకొని నీటిని పొరుగువారికి వదలమని దైవప్రవక్త (స) జుబైర్‌కు చెప్పారు. మీ మేనత్త కొడుకు కాబట్టే ఇలా అన్నారని అన్సారీ నొచ్చుకున్నాడు. ఆయన (స) ముఖం రంగు మారింది. అప్పుడు, గట్ల దాకా నీరు నిలిచే వరకు ఆపుకొని ఆ తర్వాతే వదలమని జుబైర్‌కు తీర్పు ఇచ్చారు. మొదట చెప్పింది ఇద్దరికీ వెసులుబాటు ఉన్న సలహా అని, రెండోది జుబైర్‌కు పూర్తి హక్కు ఇచ్చిన తీర్పు అని ఈ ఉల్లేఖనంలోనే వివరణ ఉంది (బుఖారీ). సులహ్‌కూ తీర్పుకూ ఉన్న తేడా ఇంత స్పష్టంగా మరెక్కడా దొరకదు. సులహ్‌లో హక్కుదారుడు తన హక్కులో కొంత వదులుతాడు, ఆ వదిలినదే ఎదుటివాడికి లాభం. సులహ్‌ను తోసేస్తే మిగిలేది తీర్పు. అందులో వెసులుబాటు ఉండదు.

రెండోసారి చేరిన మాట

ఇక హుజురాత్ 9వ ఆయతుకు తిరిగి వద్దాం. అందులో 'అస్లిహూ' రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ఊరకే వారి మధ్య బాగుచేయండి అని ఉంది. ఆపై, ఒక వర్గం రెండోదాని మీద దౌర్జన్యం చేస్తే, దౌర్జన్యం చేసే వర్గాన్ని అల్లాహ్ ఆజ్ఞ వైపు తిరిగి వచ్చేవరకు ఎదుర్కొనమని ఉంది. అంటే, ఇక్కడ తటస్థంగా ఉండటం ధర్మం కాదు. (ఎదుర్కొనే ఆ అధికారం పాలకుడిది, ప్రభుత్వానిది, వీధిలో కర్ర పట్టుకొని దిగమని ఎవరూ అర్థం చేసుకోకూడదు.) ఆ వర్గం తిరిగి వచ్చాక మళ్ళీ 'అస్లిహూ' వచ్చింది. ఈసారి పక్కన ఒక మాట చేరింది: 'బిల్ అద్ల్', న్యాయంతో. అది చాలదన్నట్టు 'అఖ్సితూ' అని మరో ఆజ్ఞ, అంటే సమపాలు పాటించండి.

రెండోసారే ఈ హెచ్చరిక ఎందుకు? దౌర్జన్యం చేసినవారి మీద అప్పటికి అందరికీ కోపం పేరుకుపోయి ఉంటుంది. వారికి రావలసింది కూడా ఇవ్వకూడదనిపిస్తుంది. లేదా, గొడవ ఎలాగో ఆగింది కదా, లెక్కలు ఎందుకు తవ్వడం, అని నష్టపోయినవారి నోరు మూయించాలనిపిస్తుంది. రెండు దారులనూ ఆ ఒక్క మాట మూసివేసింది.

అన్యాయపు సులహ్ నిలవదనడానికి హదీసు సాక్ష్యముంది. ఒకరి వద్ద కూలికి పనిచేసే యువకుడు ఆ ఇంటి ఇల్లాలితో వ్యభిచారానికి పాల్పడ్డాడు. యువకుడి తండ్రి నూరు గొర్రెలు, ఒక బానిస స్త్రీని ఇచ్చి యజమానితో రాజీ కుదుర్చుకున్నాడు. విషయం దైవప్రవక్త (స) ముందుకు వచ్చినప్పుడు, గొర్రెలూ బానిసా వెనక్కి ఇవ్వాలని ఆయన తీర్పు చెప్పారు. అన్యాయపు సులహ్ చేసుకుంటే అది చెల్లదన్న శీర్షిక కిందే ఇమామ్ బుఖారీ దీన్ని చేర్చారు. హలాల్‌ను హరామ్ చేసే, హరామ్‌ను హలాల్ చేసే సులహ్ తప్ప ముస్లిముల మధ్య ఏ సులహ్ అయినా చెల్లుతుందన్న నియమం కూడా హదీసుల్లో ఉంది (తిర్మిజీ).

ఇప్పుడు మన ఇళ్ళకు రండి. ఆడపిల్లకు వారసత్వంలో రావలసిన వాటాను సూరా నిసా స్పష్టంగా నిర్ణయించింది. ఆ వాటాలు చెప్పిన వెంటనే 13, 14 ఆయతుల్లో వాటిని అల్లాహ్ గీసిన హద్దులన్నది, హద్దు మీరినవాడికి అగ్నిని హెచ్చరించింది. చెల్లెలు తన వాటా అడగగానే పెద్దమనుషులు బయలుదేరుతారు. అన్నతో తగవెందుకమ్మా, పుట్టిల్లు దూరం చేసుకుంటావా, పెళ్ళికి పెట్టిన ఖర్చు లేదా అని నలుగురూ కూర్చోబెట్టి సంతకం చేయిస్తారు. దీనికి 'రాజీ' అని పేరు పెడతారు. రాజీ అనే మాట కూడా అరబీదే. రాజీ అంటే ఇష్టపడినవాడు, సమ్మతించినవాడు. ఏడుస్తూ సంతకం పెట్టిన మనిషి ఏ భాషలోనైనా రాజీ అవుతుందా? తన వాటా ఎంతో తెలిసి, అది తన చేతికి అందగలదని తెలిసి, తన ఇష్టంతో అన్నకు వదులుకుంటే అది ఆమె ఔదార్యం. ఒత్తిడితో తీసుకున్నది సులహ్ కాదు, ఫసాదు.

సూరా బఖరా 11, 12 ఆయతుల్లో కపట విశ్వాసుల సంగతి ఉంది. భూమిలో ఫసాదు చేయకండని వారితో అంటే, మేము 'ముస్లిహూన్', బాగుచేసేవాళ్ళమే కదా అంటారు. వారే ఫసాదు చేసేవారని అల్లాహ్ తేల్చిచెప్పాడు. ఈ క్రియ పేరుతో తనను తాను పిలుచుకున్న ప్రతివాడూ ఆ పనే చేస్తున్నట్టు కాదు.

ముస్లిహ్ చేతిలో ఉన్నదెంత?

విడాకుల దాకా వచ్చిన దంపతుల విషయంలో సూరా నిసా 35వ ఆయతు, భర్త తరఫు నుంచి ఒకరు, భార్య తరఫు నుంచి ఒకరు 'హకమ్'లను పంపమంది. ఇద్దరూ ఇస్లాహ్ కోరితే అల్లాహ్ అనుకూలత కలిగిస్తాడన్నది. కోరవలసిన ఆ ఇద్దరు మధ్యవర్తులేనని చాలామంది వ్యాఖ్యాతలు అన్నారు, దంపతులని మరికొందరు. అటువైపు మనిషి తన అల్లుడి పరువు కోసం, ఇటువైపు మనిషి పెట్టుపోతల లెక్క కోసం వస్తే, ఇస్లాహ్ కోరినవారు ఎవరూ లేనట్టే. భారత సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో, తలాఖ్‌కు తగిన కారణం ఉండాలని, దానికి ముందు ఇరువైపుల మధ్యవర్తుల ద్వారా సయోధ్య ప్రయత్నం జరగాలని చెప్పినప్పుడు, ఆ నియమం మనకు కొత్తదేమీ కాదు. మనం వదిలేసినదాన్ని న్యాయస్థానం గుర్తుచేయవలసి వచ్చింది.

ఇద్దరినీ విన్న తర్వాతే నోరు విప్పాలన్నది రెండో సంగతి. హజ్రత్ అలీ (రజి)ని యమన్‌కు న్యాయాధికారిగా పంపుతూ, మొదటివాడిని విన్నట్టే రెండోవాడినీ వినేదాకా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) బోధించారు (అబూ దావూద్, తిర్మిజీ). ఫోనులో ఒకవైపు ఏడుపు విని, అక్కడికక్కడే తిట్టి పెట్టేసే పెద్దలు దీన్ని రాసి గోడకు అంటించుకోవాలి.

మాటలు మోయడంలోనూ ఒక మెళకువ ఉంది. ప్రజల మధ్య సంధి కోసం మంచిని చేరవేసేవాడు అబద్ధాలకోరు కాడని హజ్రత్ ఉమ్మె కుల్సూమ్ బిన్తె ఉఖ్బా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). చేరవేయడానికి అక్కడున్న క్రియ 'నమా'. అరబీ భాషావేత్తలు దీని గురించి ఒక చక్కటి తేడా చెప్పారు. మీమ్‌ను తేలికగా పలికితే మంచి కోసం మాట చేరవేయడం, మీమ్‌ను ఒత్తి పలికితే చెడగొట్టడానికి చేరవేయడం. ఒక్క ఒత్తు తేడా! అన్న కోపంలో పది మాటలన్నాక, 'అయినా వాడు నా తమ్ముడే' అని ఒకటి అన్నాడనుకోండి. తమ్ముడికి ఆ ఒక్కటే అందిస్తే ఇస్లాహ్. పదీ అందిస్తే హాలిఖా, ఆ క్షౌరపు కత్తి.

అన్నిటికీ మించి, ముస్లిహ్ చేతిలో అధికారం లేదు. బరీరా (రజి) బానిసత్వం నుంచి విముక్తి పొందాక భర్త ముగీస్ (రజి)తో ఉండటం ఇష్టపడలేదు. ఆయన కన్నీళ్ళు గడ్డం మీదికి కారుతుండగా మదీనా వీధుల్లో ఆమె వెంట తిరిగేవారు. తిరిగి అతని దగ్గరికి వెళితే బాగుండునని దైవప్రవక్త (స) బరీరాతో అన్నారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు చేస్తున్నానంతే అన్నారాయన. అయితే నాకు ఆయన అవసరం లేదన్నారామె (బుఖారీ). అంతటితో ఆ సంభాషణ ముగిసింది. ప్రవక్త మాటనే కాదంటావా అని ఆమెను ఎవరూ నిలదీయలేదు. తన మాట వినలేదని కోడలి మీద, మేనకోడలి మీద జీవితాంతం ముఖం చాటేసుకునే పెద్దలు, తాము ఆజ్ఞాపిస్తున్నారో సిఫారసు చేస్తున్నారో ముందే తేల్చుకోవాలి.

సంధి కోసం అప్పుపడినవాడు

సంధి కొన్నిసార్లు డబ్బు దగ్గర ఆగిపోతుంది. ఇద్దరి మధ్య తేడా పాతిక వేలే, ఇద్దరూ దిగిరారు. మధ్యలో ఉన్నవాడు, ఆ సొమ్ము నేనిస్తాను, ఇక్కడితో ఆపండి అంటాడు. అరబీలో ఇలా నెత్తిన వేసుకున్న బాధ్యతను 'హమాలా' అంటారు, మోసే బరువు అని. మన స్టేషన్లలో, మార్కెట్లలో బరువులు మోసే హమాలీ కూడా ఈ ధాతువు బిడ్డే. ఇలాంటివాడిని షరీఅత్ ఒంటరిగా వదలలేదు. సూరా తౌబా 60వ ఆయతు జకాత్ హక్కుదారుల్లో రుణగ్రస్తులను, గారిమీన్‌ను చేర్చింది. సంధి కోసం అప్పుపడినవాడు ఇందులోకి వస్తాడని, అతను స్థితిమంతుడైనా సరే ఆ అప్పు మేరకు జకాత్ తీసుకోవచ్చని షాఫయీ, హంబలీ ఫుఖహాలు అన్నారు. హనఫీల వద్ద మాత్రం, అప్పు పోగా నిసాబ్ మేరకు ఆస్తి మిగలనివాడికే ఇది వర్తిస్తుంది. మన ప్రాంతంలో అధికశాతం హనఫీలు కాబట్టి, ఇవ్వబోయే ముందు తమ ఆలిమ్‌ను అడగడం మేలు.

హజ్రత్ ఖబీసా బిన్ ముఖారిఖ్ (రజి) అలాంటి హమాలా ఒకటి తలకెత్తుకొని, సాయం కోరుతూ దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చారు. సదఖా సొమ్ము వచ్చేవరకు ఇక్కడే ఉండమని, వచ్చాక అందులోంచి ఇప్పిస్తామని ఆయన (స) చెప్పారు. ఇతరులను అడగడం ముగ్గురికి తప్ప తగదని కూడా ఆ సందర్భంలోనే బోధించారు. ఆస్తి సర్వం ఆపదలో కొట్టుకుపోయినవాడు ఒకడు, తన జాతిలో తెలివైన ముగ్గురు సాక్ష్యమిచ్చేంత దారిద్ర్యంలో పడినవాడు ఒకడు. వీరిద్దరి కంటే ముందు ఆయన పేర్కొన్నది సంధి కోసం బరువు ఎత్తుకున్నవాడినే. ఆ బరువు తీరేదాకా అడగవచ్చు, తీరగానే ఆపేయాలి (ముస్లిం).